పలక శబ్ద విచారము

గడచిన వేసవిలో మా సీమలో ఉపాధ్యాయుల గోష్ఠి యొకటి జరిగెను. అందొక యువకోపాధ్యాయుఁడు మాదిరి పాఠమును జెప్పుచు, "పిల్లవానిని పలికించునది కావున పలక" యని వివరించి, నల్లబల్లపై 'పలుకు – పలక' యని జంటగా వ్రాసెను. సభలో కరతాళధ్వనులు చెలరేఁగెను. తరువాత మాటలాడిన పెద్ద యొకఁడు ఇంకొక మెట్టెక్కి, "పలక యన్న వస్తువే ఇంగ్లీషువారు తెచ్చినది, వారి స్లేటునకు మనవారు పెట్టుకొన్న పేరిది" యని వేఱొక మతమును స్థాపించెను. దానికిని కరతాళధ్వనులే. నేను నోరు మెదపనైతిని. సభామర్యాద యను పేర నూరకుండుట నావంటివానికి వయసుతోఁ గూడ వచ్చిన దోషము. ఆ దోషమునకు ప్రాయశ్చిత్తముగా ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఈ రెండు మతములును మఱియొక చోటఁ బుట్టియున్నచో నేనింత పట్టించుకొనకపోదును. కాని మార్కాపురము పలకల యూరు. తెలుఁగునాట రెండు మూఁడు తరముల పిల్లలు ఓనమాలు దిద్దినది ఈ నేలలో పుట్టిన ఱాతిమీఁదనే. నల్లమలకుఁ దూర్పున గిద్దలూరు, కంభము, తర్లుపాడు, మార్కాపురము వఱకు ఈ ఱాయి పఱచుకొనియున్నది. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు కడప కర్నూలు శిలలను గూర్చి ప్రకటించిన గ్రంథమున దీనికి కంభము పేరే పెట్టెను. నేఁటికిని శాస్త్రజ్ఞులు ఆ పేరితోనే వ్యవహరించుచున్నారు. 1970లో ఏర్పడి 1972లో ప్రకాశము జిల్లాగాఁ బేరొందిన మండలములో చేరకముందు మార్కాపురము కర్నూలు జిల్లాలోనిది. 1858కి ముందు కడపలోనిది. జిల్లాలు మాఱినను ఱాయి మాఱలేదు. అట్టి చోటనే పలక యను మాటకు వంశము తప్పుగాఁ జెప్పఁబడుట నాకుఁ గష్టముగా నుండెను.

మొదటి మతమును పరిశీలింతము. పలుకు ధాతువునకుఁ దుమర్థకరూపము 'పలుక'. వాడుకలో నది 'పలక' యగును. 'వానికి పలక చేతకాదు' అనునప్పటి పలకయు, చేతిలోని పలకయు చెవికి నొక్కటే. ఈ ధ్వనిసామ్యమే భ్రాంతికి మూలము. నడచు – నడక, అలుగు – అలక, మొలచు – మొలక యను జంటలను జూపి, అట్లే పలుకు – పలక యేల కారాదని యడుగువారు కలరు. ఆ జంటలలోని 'క' ప్రత్యయము. పలుకులోని 'కు' ధాతువునందలి భాగము. అదియునుగాక నడక, అలక మొదలగునవి క్రియాభావమును జెప్పునవి, లేదా మొలకవలె క్రియవలనఁ బుట్టినదానిని జెప్పునవి. క్రియకు సాధనమైన వస్తువును జెప్పునవి కావు. నడచుటకు సాధనమైన కాలిని నడక యనము గదా.

వ్యాకరణము చాలనిచో సోదరభాషలు సాక్ష్యమిచ్చును. తమిళమున 'పలకై', మలయాళమున 'పలక', కన్నడమున మొదట 'పలగె', పిదప 'హలగె'. పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు పలగె హలగె యైనది. పదాంతములను జూడుఁడు: తెలుఁగున తల, తమిళమున తలై, కన్నడమున తలె, తెలుఁగున వల, తమిళమున వలై, కన్నడమున బలె. ఆ క్రమముననే పలక, పలకై, హలగె. ఈ యన్ని భాషలలోను దీనికి మూలార్థము చదునైన చెక్క. దాని మీఁద కూర్చుండవచ్చును, తినవచ్చును, దానితో తలుపు చేయవచ్చును. వ్రాయుట చిట్టచివరి యుపయోగము. మధురలోని సంఘపు పలకను గూర్చిన తమిళుల పురాణకథ ప్రసిద్ధము. యోగ్యుఁడైన కవికి మాత్రమే చోటిచ్చెడి ఆ దివ్యాసనమును వారు పలకై యనిరి. అది పలుకలేదు, పలికింపలేదు. కూర్చుండఁ జోటిచ్చినది, అంతే. పలుకుతో సంబంధము నిజమైనచో ఈ భాషలలో నెక్కడనైనను దాని జాడ కనఁబడవలసినది.

ఇచట నొక్క మాట యా యువకుని పక్షమునఁ జెప్పవలెను. తెలుఁగున పలుకు లిరువురు. ఒకటి మాట. రెండవది తునక: వక్కపలుకు, ఱాతిపలుకు, అన్నములో పలుకు. గట్టివస్తువు పగిలినప్పుడు విడివడిన చిన్నముక్క పలుకు. అతఁడు ఆ పలుకును పట్టుకొనియున్నచో నేను సభలో లేచి యభినందించి యుందును. ఏలయనఁగా ఈ విచారమంతయుఁ బోయి చేరునది యా యర్థమునకే. పలుకునకును పలకకును రూపసంబంధము నేను సాధింపను. అర్థసామీప్యము మాత్రము కాదనరాదు.

ఇఁక రెండవ మతము. పలక ఇంగ్లీషువారి స్లేటుతో వచ్చినదఁట. దీనికి సమాధానము ఒక ఇంగ్లీషువాఁడే వ్రాసిపెట్టినాఁడు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో తన రాజధానిలోని వీధిబడుల వృత్తాంతమును పంపవలసినదని కలెక్టరుల నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో సమాధానము పంపెను. ఇతఁడు 1816లో తెలుఁగు వ్యాకరణమును, 1821లో తెలుఁగు నిఘంటువును ఇంగ్లీషున ప్రకటించిన విద్వాంసుఁడు. కావున మాటలను గుర్తించి వ్రాయఁగలవాఁడు. బళ్లారియు మన కంభము మార్కాపురములును నాఁడు దత్తమండలములలోనివే. అతని లెక్కలో ఆ జిల్లాలో 533 బడులు; అందు కన్నడబడులు 235, తెలుఁగుబడులు 226. పిల్లవాఁడు మొదట ఇసుకలో వ్రేలితో నక్షరములు దిద్దును. తరువాత తాటియాకుపై గంటముతోనో, కాగితముపై కలముతోనో వ్రాయును. లేదా 'హులిగి' మీఁదను, 'కడత' మీఁదను బలపమువంటి దానితో వ్రాయును. ఈ కడపటి రెండును స్లేటునకు బదులుగా నుపయోగించుననియు, ఆ ప్రాంతమున వాడుకలో నెక్కువనియు నతఁడు చెప్పెను. కడత మన కడితము: గంజి పెట్టి మడతలు వేసి మసియు జిగురును బూసిన గుడ్డపుస్తకము. హులిగి యన హలగె. అది అడుగు వెడల్పు, మూఁడడుగుల పొడవు గల చెక్క. నునుపుగాఁ జిత్రిక పట్టి, అన్నమును బొగ్గుపొడిని పూసినచో వ్రాఁతకు సిద్ధమగును.

స్లేటు మన పల్లెలకు రాకముందే పలక యున్నది, పలకపై వ్రాఁతయు నున్నది. వచ్చినది వస్తువునందలి ద్రవ్యము మాత్రమే. చెక్క పోయి ఱాయి వచ్చెను, ఱాయి పోయి ఱేకు వచ్చెను, ఱేకు పోయి ప్లాస్టిక్కు వచ్చెను, పేరు కదలలేదు. ఇందొక చిత్రమున్నది. తమిళులు వ్రాఁతఱాతికి 'సిలేట్టు' అను మాటను గైకొనిరి. కన్నడిగులును హలగెను విడిచి 'స్లేటు' అనుచున్నారు. తెలుఁగువాఁడు ఇంటిలోని మాటను ఱాతిమీఁద నిలిపెను. అనువాదమని యాక్షేపింపఁబడిన మాటయే అన్యభాషాపదము నడ్డగించినది.

పలక ఫలకమునకు వికృతి యని మన పిల్లలు ప్రకృతివికృతుల పట్టికలో వల్లించుచునే యున్నారు. మహాప్రాణము అల్పప్రాణమగుట భాష – బాస, భక్తి – బత్తి, శంఖము – సంకు మొదలగు చోట్ల నున్నదే. ఫకారమునకు స్ఫటికము – పటిక చక్కని యుదాహరణము. అయితే పట్టిక అక్కడ నాఁగిపోవును. ఫలకమన నేమి? అడిగిన పిల్లవాఁడు లేఁడు, చెప్పిన గురువు లేఁడు.

ధాతుపాఠమున ఫల ధాతువులు రెండు. ఒకదానికి విశరణము, అనఁగా పగిలి విడిపోవుట, అర్థము, ఇంకొకదానికి నిష్పత్తి. ఫలక శబ్దమునకు మొదటిదే తగినది. ణ్వుల్ ప్రత్యయమును జేర్చినచో ఉపధావృద్ధి కలిగి 'ఫాలకము' కావలసివచ్చును. కావున వృద్ధికి నిమిత్తము కాని వున్ ప్రత్యయమును గ్రహింపవలెను. ఫల శబ్దముపై స్వార్థమునఁ గన్ ప్రత్యయమని చెప్పువారితోను నాకు వివాదము లేదు. ఏది యైనను 'పగిలి విడివడినది' యన్న యర్థము నిలుచును. ఘఞ్ ప్రత్యయమువలన వృద్ధి వచ్చిన రూపము ఫాలము. అది నాఁగటికఱ్ఱు, నేలను చీల్చునది. చీల్చునది ఫాలము, చీలినది ఫలకము. ఒకే యింటి బిడ్డలు. (నొసలు అను నర్థముగల ఫాలము భాల శబ్దమునకు రూపాంతరము; దానిని దీనితోఁ గలపరాదు.)

ప్రయోగములును దీనికే యనుకూలములు. సోమయాగమున సోమలతను దంచునప్పుడు క్రింద పఱచెడి రెండు చెక్కలు అధిషవణఫలకములు. అమరసింహుఁడు డాలునకు ఫలక మను పేరు చెప్పెను. శాకుంతలమున ఆఱవ యంకములో దుష్యంతుఁడు శకుంతలను చిత్రించినది చిత్రఫలకముపై. దేవాలయస్తంభశీర్షమున కుంభముపై నుండు చదరపు బిళ్లను శిల్పులు ఫలక యందురు. ఇవి యన్నియు చదునైనవే కాని, ఆ చదును ఎట్లు వచ్చినది? ఱంపము వాడుక పెరుగకముందు మ్రానునుండి చెక్కను తీయుట యనఁగా మేకులు దిగఁగొట్టి నిలువునఁ జీల్చుట. చీలిక మొదటిది, చదును దాని ఫలము. మన నిఘంటువులలో ఫలమే మిగిలి మూలము మఱుగుపడినది.

ఫల శబ్దమే ద్రావిడమని, పళము, పండు అను మాటలకు సంబంధించినదని తలఁచినవారు కలరు. ఆ వాదము పండును జెప్పు ఫలమునకు వర్తించునేమో. చెక్కను జెప్పు ఫలకమునకు వర్తింపఁజేయుటకు నాకుఁ దగిన యాధారము కనఁబడలేదు. పలకైలోని 'ల' వేఱు, పళములోని అక్షరము వేఱు; తమిళులు వానిని వ్రాఁతలోను, పలుకుటలోను భేదముగానే పాటింతురు.

ఇప్పుడు స్లేటు విషయము. ఆ పెద్దమనిషి మనకప్పుపెట్టిన మాట యా ఇంగ్లీషువారికైనను స్వంతము కాదు. ప్రాచీన ఫ్రెంచిభాషలో 'ఎస్క్లాత్' అనఁగా పగిలిన పెళ్ల, పేడు. అది ఇంగ్లండునకుఁ బోయి మొదట స్క్లేట్ అయి, పిదప స్లేట్ అయినది. ఫ్రెంచిలో నిలిచిన రూపము 'ఏక్లా'. దానికి పెళ్లయను నర్థముతోఁ బాటు తళుకు, వెలుఁగు అను నర్థములును గలవు. ఫ్రెంచివారికిని అది జర్మానిక్ జాతులవారి చీల్చుట యను ధాతువునుండి వచ్చినది. చీలికను దెలుపు ఇంగ్లీషు 'స్లిట్' దానికి జ్ఞాతి. జర్మనులు ఈ ఱాతిని 'షీఫర్' అందురు. అదియు మొదట పేడే. ఆ మాటనే డేనులు, స్వీడులు కైకొనిరి. రష్యావారికది 'షిఫెర్' అయి, నేఁడు ఇంటికప్పునకు వేయు సిమెంటు ఱేకులకును చెల్లుచున్నది. పలక ఱాతినుండి ప్లాస్టిక్కునకుఁ బోయినట్లే, షిఫెర్ ఱాతినుండి సిమెంటునకుఁ బోయినది.

ఐరోపాభాషలన్నిటికిని ఉమ్మడియైన మఱియొక మాట 'షిస్ట్'. పొరలుగా విడివడెడి ఱాతికి శాస్త్రజ్ఞుల పేరిది. గ్రీకున 'స్ఖిస్తోస్', చీలినది. దానికి ధాతువు 'స్ఖీజో', చీల్చుచున్నాను. లాటినున 'స్కిందో'. సంస్కృతమున ఛిద్ ధాతువు: ఛిన్నము, ఛేదము, ఛిద్రము. ఇది ధ్వనిసామ్యము కాదు. మూఁడు భాషలకును ఒకే మూలధాతువు. అందుచేత షిస్ట్ అను మాటను విన్నప్పుడు పండితుఁడు తన చుట్టపు గొంతు విన్నట్లే తలయెత్తవచ్చును.

కాని యుత్సాహము హద్దు మీఱరాదు. మొన్న నొక మిత్రుఁడు ఈ సంగతి విని, "అయినచో స్లేటు, ఫలకము ఒకటే" యని గంతువేసెను. ఒకటి కావు. షిస్టునకును ఛిన్నమునకును ఉన్నది రక్తసంబంధము. స్లేటునకును ఫలకమునకును ఉన్నది భావసామ్యము మాత్రమే. పోకోర్ని 1959లో ప్రకటించిన ఇండో-యూరోపియన్ ధాతుకోశమున ఫలకమునకు జ్ఞాతులుగాఁ జెప్పినవి వేఱు: చీల్చుటను దెలుపు జర్మను 'ష్పాల్టెన్', చెక్కను దెలుపు ప్రాచీన నార్వే భాషలోని 'ఫ్యొల్' మొదలగునవి. దీనిని శంకించువారును లేకపోలేదు. పలుకును పలకతో ముడివేసిన యువకుఁడును, స్లేటును ఫలకముతో ముడివేసిన మిత్రుఁడును చేసిన తప్పు ఒక్కటే. ఒకఁడు చెవిని నమ్మెను, ఒకఁడు అర్థమును నమ్మెను. రెంటికిని నడుమ వర్ణక్రమ మనునది యొకటి యున్నదని యిద్దఱును మఱచిరి.

అన్ని జాతులును చీలికనే చూచినవనియుఁ జెప్పరాదు. రోమనుల బడిలో పిల్లవాఁడు మైనము పూసిన చెక్కపై పుల్లతో గీసి నేర్చుకొనెను, దానిపేరు 'తబుల'. ఇంగ్లీషు టేబులు, ఇటలీవారి తావొల, జర్మనుల తాఫెల్ యన్నియు దాని సంతానమే. ఇప్పటి పిల్లల చేతిలో వెలుఁగుచున్న గాజుపలకను 'ట్యాబ్లెట్' అనుటయు దానివలననే. ఇటలీవారు నల్లబల్లను 'లవాఞ' యందురు. లిగూరియా తీరమున ఈ ఱాయి దొరకెడి యూరి పేరది. మనవారు ఆ పద్ధతి నవలంబించియున్నచో పిల్లవాఁడు "అమ్మా, నా మార్కాపురము పగిలినది" యని యేడ్చుచు ఇంటికి వచ్చెడివాఁడు.

తెలుఁగు పలకలో ఆ చీలిక యర్థము పూర్తిగాఁ జచ్చినదా? చావలేదు. స్తంభమును చూచి ఎనిమిది పలకల స్తంభ మందుము. ఇచట పలక చెక్కయు కాదు, ఱాయియుఁ గాదు. ఉలి చెక్కి తీసివేసినచోట మిగిలిన ముఖము. వ్యాయామము చేసినవాని దేహము పలకలు తేఱినదందుము. ఫలకమునకు చదునైన వస్తువని మాత్రమే అర్థము చెప్పి యూరకున్నవాఁడు ఈ ప్రయోగమును సమర్థింపలేఁడు.

గోష్ఠి ముగిసిన కొన్ని దినములకు నేను తర్లుపాటి త్రోవలో నొక గనికిఁ బోయితిని. ఎండ మండుచుండెను. ఒక వృద్ధుఁడు దిమ్మను ఒడిలోని బిడ్డవలె నిలిపి, అంచున సన్నని ఉలి పెట్టి, సుత్తితో మెల్లగాఁ దట్టుచుండెను. బలముతోఁ గొట్టిన పని చెడును. ఈ ఱాయి మొదట బురద. కోట్ల యేండ్ల యొత్తిడిచేత నందలి సన్నని రేణువులన్నియు నొక్క దిక్కునకుఁ దిరిగి యుండుటచే, ఆ దిక్కున మాత్రమే విడును. ఆ దిక్కును ఇతఁడు కంటితోఁ గాక చెవితోఁ గనిపెట్టుచుండెను. తట్టిన చప్పుడు మాఱినంతనే ఉలిని కొంచెము జరపుచుండెను. చివరకు టక్కుమని దిమ్మ రెండై, లోపలినుండి చెమ్మగిల్లినట్టి నల్లని నున్నని ముఖము బయటఁబడెను. దీని నెప్పటినుండి పలక యందురని యడిగితిని. అతఁడు నవ్వి, "చీలిందాఁకా రాయే అయ్యవారూ, చీలినాక పలక" యనెను. వ్యుత్పత్తిశాస్త్రమున నింతకు మించిన వాక్యమును నేను చూచి యుండలేదు. అతఁడు మాటలాడుచు నడుమ నడుమ దగ్గుచుండెను. ఱాతిధూళి ఊపిరితిత్తులను గట్టిపఱచు నన్న సంగతి వైద్యులు చెప్పుదురు. విశరణమన్న ధాత్వర్థమునకు శిథిలమగుట యనియు నొక ఛాయ యున్నదని నాకప్పుడు తోఁచెను.

ఇప్పుడక్కడ తీయుచున్న పలకలలో నెక్కువభాగము బడికిఁ బోవునవి కావు. గోడలకును నేలలకును అలంకారముగాఁ బోవునవి. పుస్తకములును ప్లాస్టిక్కు పలకలును వచ్చిన తరువాత వ్రాఁతపలకకు గిరాకి తగ్గెను.

నా కింకను తీఱని సంశయమొకటి కలదు. రాయలసీమలో కొన్నిచోట్ల డప్పును పలక యందురు. కన్నడమునను హలగె యనఁగా డప్పు కలదు. బిగించిన చర్మపు చదునునుబట్టి యా పేరు వచ్చినదా, లేక యా వాద్యమునకు మొదట చెక్క ముఖమే యుండెనా? అమరుఁడు ఫలకమును డాలునకుఁ జెప్పుటయు, డాలు చర్మముతోఁ జేయఁబడుటయు నిచట నాలోచింపఁదగినవి. ఆయా ప్రాంతములలో నీ పదమునకు వినఁబడు నర్థములను, డప్పు కట్టువారి నోట విన్న మాటలను విన్నట్లే వ్రాసి పంపు మిత్రులకుఁ గృతజ్ఞుఁడనై యుందును.